గట్టెక్కిన బడి

మొన్న మా మనవడు బడినుంచి వస్తూనే పుస్తకాల సంచీ నా ఒడిలో పడేసి, తనకిక కొన్నాళ్ళపాటు వాటితో పనిలేదన్నాడు. వాడి తండ్రి, అంటే మా అబ్బాయి, కోర్టు కాగితాలలోంచి తలెత్తి, కొడుకును బడిలోంచి గాని గెంటేశారేమోనని గతుక్కుమన్నాడు. తీరా విచారిస్తే తేలిన సంగతేమిటంటే, రాజమహేంద్రవరంలో వాళ్ళ బడికి కొత్తగా వచ్చిన కుర్ర మేష్టారు పెద్ద తరగతి పిల్లలను ధవళేశ్వరం దిగువన ఒక మామిడితోటకు తీసుకుపోయి, అక్కడ గుడారాలు వేయించి, లెక్కలూ భూగోళమూ చరిత్రా అన్నీ ఆ ఏటి ఒడ్డునే, ఆరుబయటనే చెబుతారట. మా కోడలికి ఈ ఏర్పాటు ఏమీ నచ్చలేదు. గుడారాల్లో ఉండేవాళ్ళు సిపాయిలూ, భూములు కొలిచేవాళ్ళూను, చదువుకునే పిల్లలకేం పని, పాములున్నాయి, నీళ్ళు మారితే జ్వరాలొస్తాయి అని ఆవిడ గోల. మా అబ్బాయి ఎటూ తేల్చలేక, నువ్వేమంటావమ్మా అని నన్నడిగాడు. మా ఇంట్లో నన్ను ఎవరైనా ఏదైనా అడగడం బహు అరుదు గనుక, నేను వెంటనే జవాబు చెప్పి ఆ మర్యాద పాడుచేసుకోకుండా కాసేపు బిగుసుకు కూర్చున్నాను. గుడారం అన్న మాట చెవిని పడగానే నా ముక్కుకి ఉప్పుచేపల వాసన తగిలింది.

మా ఊరు వశిష్ఠ గోదావరి ఒడ్డున, నరసాపురానికి ఎగువన. నా చిన్నతనానికి ఆనకట్ట కట్టి ఇరవై ఏళ్ళయినా అయిందో లేదో. మా తాతయ్య, నాన్నగారి నాన్నగారు, ఆ ఊరికి మునసబు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, రాజమహేంద్రవరంలో నాలుగు ముక్కలు చదువుకుని వచ్చి, మా ఇంటి వీధి అరుగుమీదనే బడి పెట్టాడు. మేనకోడలిని గనుక ఆడపిల్లనైనా నన్నూ ఒక మూల కూర్చోనిచ్చారు. ఇంట్లో మావయ్యా అనాలి, అరుగుమీద మేష్టారండీ అనాలి. గడప ఎటువైపు ఉన్నానో చూసుకోక నేను ఎన్నిసార్లు మావయ్య మేష్టారండీ అని పిలిచి నవ్వులపాలయ్యానో, ఆ లెక్క నేను నేర్చుకున్న లెక్కలన్నిటికంటె పెద్దది.

మా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు గాని, ఇప్పటి పిల్లలకోసం చెబుతున్నాను. అప్పట్లో ఏటిగట్టు అంటే ఇప్పటిలాగ రాళ్ళు పరిచిన రహదారి కాదు. అందరూ తట్టలతో మట్టి మోసి పోసుకున్నది, ప్రతి ఏడూ వానలకు ముందు మళ్ళీ పోసుకోవలసినది. ఆ ఏడు శ్రావణమాసంలో గోదావరికి వరద వచ్చి, మా ఊరికి ఎగువన గట్టుకు గండి పడింది. తెల్లవారి చూసేసరికి చేలు లేవు. సాయంత్రానికి మా వీధి లేదు. మిట్ట అన్నది ఎరగని మా నేలమీద నీటికి తల వంచకుండా నిలబడ్డది మిగిలిన ఆ ఏటిగట్టు ఒక్కటే గనుక ఊరంతా అక్కడికే ఎక్కింది. ఎద్దులు ఎక్కినవి ఎక్కాయి, ఎక్కలేనివి మా కళ్ళముందే కొట్టుకుపోయాయి. వాటిలో మా కపిల ఆవు ఒకటి. అది తాడు తెంపుకుని మా వైపే ఈదుతూ వచ్చి, ఎందుకో వెనక్కి తిరిగింది. దాని దూడ పాక దగ్గరే ఉండిపోయిందని మా అమ్మ తరువాత చెప్పింది.

ఏటిలో లంకమీద గుడిసెలు వేసుకుని ఉండే జాలరివాళ్ళు కూడా అదే రోజున నావలు కట్టుకుని అదే గట్టుకు చేరారు. మామూలు రోజుల్లో వాళ్ళు మా వీధిలోకి రావడం చేపల తట్టతో, దడి అవతలిదాకానే. ఇప్పుడు దడులు నీళ్ళలో ఉన్నాయి. మావాళ్ళు గట్టుకు తూర్పు కొసన పొయ్యిలు పెట్టుకున్నారు, వాళ్ళు పడమటి కొసన పెట్టుకున్నారు. మధ్యన గట్టు కొంచెం వెడల్పైన చోటు ఎవరిదీ కాకుండా మిగిలింది. ఆ చోట మావయ్య బడి పెట్టాడు.

బడికి కప్పు కావలసివచ్చింది. మా తాటాకులన్నీ ఏటిపాలయ్యాయి. జాలరి పెద్దాయన ఒకాయన, నావలు నడిపించే పెద్ద గనుక అందరూ ఆయన్ని సరంగు అనేవారు, తన నావ తెరచాప విప్పి తెచ్చి, నాలుగు వెదురు గడలు నాటి, దాన్ని గుడారంలా కట్టించాడు. అదీ నా ముక్కులో ఇంతకాలం నిలిచిపోయిన వాసన. తెరచాప తెచ్చినాయన చేతులు దులుపుకుని పోకుండా అక్కడే నిలబడి, కొంచెం తటపటాయించి, మావయ్యతో అన్న మాట నాకు బాగా గుర్తు.

"మేష్టారండీ, చాప మాది గదండి. దాని నీడని మా మనవరాలు ఓ పక్కన కూకుంటే తప్పేమన్నానాండి?"

మావయ్య తూర్పువైపు మా తాతయ్యను ఒకసారి చూసి, "చాప మీదైతే నీడ మాదెలా అవుతుందండి, పంపించండి" అన్నాడు.

అలా ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ పిల్లతో పాటే వాళ్ళ కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా వచ్చారు గాని, వాళ్ళకు పాఠంకంటె నీళ్ళమీదే ధ్యాస. ఆ పిల్ల మాత్రం అక్షరాలను వలలో పడ్డ చేపల్లాగ ఒక్కటీ జారిపోకుండా పట్టుకునేది. మొదటి రోజున నన్ను అమ్మాయిగారండీ అంది. నాకేమో నా పలక ఆ పిల్ల పలకంత బాగా నిండకపోవడంచేత ఆ గారు గుచ్చుకునేది. నాలుగు రోజులు తిరిగేసరికి ఏమే అనుకునేదాకా వచ్చాం.

పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి గనుక మావయ్యకు గట్టే పుస్తకమైంది. ఒక గడకు జానలూ మూరలూ గాట్లు పెట్టి నీళ్ళలో పాతాడు. పొద్దున్నే ఎవరో ఒకరు పోయి నీరెంతదాకా వచ్చిందో చూసి రావాలి. వరద హెచ్చుతున్నన్నాళ్ళూ కూడికలూ, తగ్గడం మొదలెట్టాక తీసివేతలూ జరిగాయి. గంజి పంచుకునేటప్పుడు ఎంతమందికి ఎన్ని ముంతలో తేల్చడానికి భాగహారం వచ్చింది. నా మెడలో పడ్డ మొదటి హారం అదే. ఇప్పటికీ అది నాకు అమరలేదు, మా కోడలు పప్పు కొలిచేటప్పుడు నన్ను పిలవదు.

భూగోళం గట్టు వాలులో జరిగింది. మావయ్య బురదలో వేలితో గాడి తీసి పైనుంచి చెంబుతో నీళ్ళు పోస్తే, అది గోదావరై దిగి, ఆనకట్టగా పెట్టిన చితుకుపుల్ల దగ్గర తటపటాయించి, గౌతమీ వశిష్ఠలుగా చీలేది. చింతగింజలు మా ఊళ్ళు. చివర సముద్రం ఎవరైనా గియ్యండి అంటే నేను కంచమంత గీశాను, నాకు తెలిసిన పెద్ద గుండ్రటి వస్తువు అదే గనుక. ఆ పిల్ల లేచి, నా కంచాన్ని చెరిపి, గట్టు అంచునుంచి గీత మొదలుపెట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ, నీళ్ళలోకి జారిపడేదాకా గీసుకుంటూ పోయింది. అందరం పగలబడి నవ్వాం. జుట్టు పిండుకుంటూ పైకొచ్చి, "ఇంకా ఉందండి మేష్టారండీ, చోటు సాల్లేదు" అంది.

భాష పాఠంలో ఎవరింటి మాట వాళ్ళు తేవాలి. మేము పడవ అంటే వాళ్ళు నావ అనేవారు, మరీ చిన్నదైతే దోనె. మేము గోదారి అన్నదాన్ని వాళ్ళు గంగమ్మ అనేవారు. ఒకే వస్తువుకి ఎన్ని మాటలున్నాయో చూడండర్రా అని మావయ్య మురిసిపోయేవాడు. ఒకే మాటకి రెండు వస్తువులు ఉండవచ్చునని చెప్పడం ఆయనకు తోచలేదు. తోచి ఉంటే నేనీ కథ రాయవలసిన పనే ఉండేది కాదు.

ఇక ప్రకృతి పాఠం మేము కోరకుండానే పాకుతూ వచ్చింది. పాములు, ముంగిసలు, ఎలుకలు, చీమలు గుడ్లతో సహా, అన్నీ ఆ గట్టుకే చేరాయి. ఒక నాగుపామూ ఒక ముంగిసా బారెడు దూరంలో ఎండ కాచుకుంటూ పడుకుని ఉండగా మేమంతా ఊపిరి బిగబట్టి చూశాం. వరదలో పగలు పనిచెయ్యవర్రా అన్నాడు మావయ్య. అది పాములను గురించి అన్నమాటేనని మేము అనుకున్నాం. తాతయ్య మాత్రం అలా అనుకోలేదని ఆయన దగ్గిన తీరునుబట్టి తెలిసింది. ఆయన దగ్గుకి మా ఇంట్లో చాలా అర్థాలుండేవి.

చాప కింద నీరు అని పెద్దలు ఊరికే అనలేదు. మా చాపల కింద నీరు కళ్ళకు కనిపించేదే గాని, అసలు నీరు మరోవైపునుంచి చేరుతోంది. చరిత్ర పాఠమని మావయ్య మమ్మల్ని ముసలివాళ్ళ దగ్గరకు పంపి, ఆనకట్టకు పూర్వం కరువులో ఎలా బతికారో అడిగి రమ్మన్నాడు. తాతయ్యను అడిగితే, మన గాదెలు తెరిచి ఊరిని బతికించామని చెప్పాడు. సరంగుని అడిగితే, ఆయన వల కుట్టుకుంటూనే, "మీ ఊరోళ్ళు మా ఏరు సంద్రంలో కలిసే మొగకొచ్చి ఎండుసేపలు తిని బతికారు తల్లీ. మీ ముత్తాతగారు మా అయ్య సేతి ముద్ద తిన్నాడంట. ఈ మాట మీ ఇంటికాడ అనమాక" అన్నాడు. అనమాక అన్న మాటను ఇంటిదగ్గర అనవద్దని అర్థం చేసుకున్న నేను, ఇల్లు నీళ్ళలో ఉంది గదా అని గుడారంలో అందరి ముందూ గట్టిగా అప్పగించాను. గట్టు పొడుగునా మాట పాకిపోయింది. ఆ పూట తాతయ్య భోజనం చెయ్యలేదు.

మర్నాడు ఆయన గుడారం దగ్గరకు వచ్చాడు. లోపలికి రాలేదు, ఎండలోనే నిలబడ్డాడు. నీళ్ళు తగ్గుతున్నాయి, పది రోజుల్లో అందరం దిగిపోతాం, దిగాక బడి మళ్ళీ మన అరుగుమీదే కదా, అప్పుడీ పిల్లల సంగతేమిటి అని మావయ్యను నిలదీశాడు. మావయ్య నసిగే మనిషి కాదు. వాళ్ళు కూడా అరుగుమీదే కూర్చుంటారండి, బళ్ళ ఇన్‌స్పెక్టరుగారు పడవమీద తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది, ఆయన మన బడి బాగుందంటే దొరతనంవారి సాయం వస్తుంది, ఆ సాయం తీసుకునే బడి ఎవరినీ పొమ్మనకూడదు అన్నాడు. తాతయ్య కండువా తీసి మళ్ళీ వేసుకున్నాడు.

"ఆయన బాగుందన్నాడంటే వాళ్ళని అరుగెక్కించు, నేను కాదనను. బాగాలేదన్నాడంటే మాత్రం, అబ్బాయ్, ఈ మాట నా చెవిని మళ్ళీ పడకూడదు."

"అలాగేనండి," అన్నాడు మావయ్య.

ఆ మాట ఆ పిల్లా విన్నది, నేనూ విన్నాను. మేము గట్టెక్కితే తను అరుగెక్కుతుంది. అప్పటినుంచి ఆ పిల్లకు అరుగే లోకం. అది ఎంత ఎత్తుంటుంది, ఎక్కడానికి మెట్లున్నాయా, మీద చాప వేస్తారా ఒట్టి గచ్చేనా, వాన జల్లు కొడుతుందా అని నన్ను వేధించేది. నేను పుట్టినప్పటినుంచీ ఆ అరుగుమీదే దొర్లినదాన్నైనా దాని సంగతి నాకొకటీ సరిగా తెలియదని అప్పుడే తెలిసింది. తోచింది చెప్పాను. తన చాప గుడారంలో ఎలా పరవాలో కొలుచుకుని, అరుగుమీద నా పక్కన అంత చోటు ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను.

పరీక్ష కోసం మావయ్య ఒక్క వారం మాత్రం మమ్మల్ని గట్టు పుస్తకం మూయించి, ఎండబెట్టిన అచ్చు పుస్తకం తెరిపించాడు. ద్వీపమనగా నలుదిక్కుల నీరుగల భూమి. పర్వతమనగా భూమికంటె మిక్కిలి ఎత్తయిన ప్రదేశము. నదులు పర్వతములయందు పుట్టి సముద్రమున కలియును. మాలో ఒక్కరమూ పర్వతాన్ని చూసిన పాపాన పోలేదు గాని, నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాళ్ళం. అందరికంటె గడగడా చెప్పేది ఆ పిల్ల.

ఇన్‌స్పెక్టరుగారి పడవ పొద్దెక్కాక వచ్చింది. ఆయన పడమటి మెట్టసీమ, దత్తమండలాల వైపునుంచి బదిలీమీద కొత్తగా వచ్చిన పెద్దమనిషి. తెల్లటి తలపాగా, మెత్తటి మాట. పరీక్ష జరిగేటప్పుడు పంతులు దగ్గర ఉండకూడదన్నది నియమం గనుక మావయ్య గట్టు దిగి, మాటలు స్పష్టంగా వినిపించనంత దూరంలో, ఆ కొలతగడ దగ్గర నిలబడ్డాడు. తాతయ్య, సరంగు, ఊరివాళ్ళు గుడారం బయట కూర్చున్నారు. లెక్కలు బాగానే నడిచాయి. పద్యాలూ అయ్యాయి. ఆయన ముఖం విప్పారింది. భూగోళంలో ద్వీపమంటే ఏమిటన్నారు. మా ఊరేనండి అన్నాడొక కుర్రాడు, ఆయన నవ్వి తలూపారు. తరువాత ఆయన దృష్టి ఆ పిల్లమీద పడింది. పిల్ల చిన్నది, చిరిగిన పరికిణీ, పెద్ద పెద్ద సంస్కృతపు మాటలతో బెదరగొట్టకూడదనుకున్నారు కాబోలు, పుస్తకం మూసేసి, చాలా లాలనగా అడిగారు.

"గట్టు అంటే ఏమిటో నీకు తెలుసునా, తల్లీ?"

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "తెల్సండి. దానిమీదే ఉన్నామండి."

ఆయన చుట్టూ ఒకసారి చూశారు. "గట్టు ఎట్ల పుడుతుంది?"

"పుట్టదండి, పోత్తారండి. తట్టల్తోటి."

"ఎవరు పోస్తారు?"

"మా తాతా, మునసబుగారి పాలేర్లూ, ఊరోళ్ళందరూనండి. యేటేటా పొయ్యాలండి, లేకపోతే అరిగిపోద్దండి."

ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. "సరే. ఏరు యాడ పుడుతుంది? గట్టులోనే కదా?"

ఆ పిల్ల జాలిగా చూసింది ఆయన్ని. "గట్టులోంచి ఏరొత్తే దాన్ని గండంటారండి. ఊళ్ళు ములిగిపోతాయండి."

ఆయన మిగతా పిల్లలవైపు తిరిగి, మీరు కూడా ఇదే అంటారా అన్నారు. మేమంతా ఒక్క గొంతుతో అవునండీ అని అరిచాం. ఆ అరుపు గట్టు కింద మావయ్యకు కూడా వినిపించి ఉండాలి, తలెత్తి మావైపు చూసి నవ్వాడు. ఇన్‌స్పెక్టరుగారు మాత్రం నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో మాకెవ్వరికీ తెలియలేదు, నాకు తెలియడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

పడవ ఎక్కబోతూ ఆయన మావయ్య భుజంమీద చెయ్యి వేసి, కష్టకాలంలో పడ్డ పిల్లలు, కోపం లేదు, కానీ లోకంలో అందరికీ తెలిసిన సంగతులే తలకిందులుగా చెబుతున్నారు, ఇలాంటి బడికి ఇప్పుడప్పుడే సాయం రాయలేను, గుడారాల చదువు మాని గడ్డకి చేరాక పుస్తకం సరిగా చెప్పండి, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. పాపం, ఆయన దయగానే అన్నారు. తాతయ్య దగ్గనైనా దగ్గలేదు. లేచి, కండువా దులుపుకుని, తూర్పు కొసకు నడిచిపోయాడు. మావయ్య ఇచ్చిన మాట అందరూ విన్నదే. ఊరివాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. చేపలవాళ్ళ పిల్లను ముందు కూర్చోబెడితే ఇలాగే అవుతుందని మాలోనే ఒకావిడ పైకే అన్నది. ఏం తప్పు చెప్పిందో ఆవిడకీ తెలియదు. సరంగు గడలకు కట్టిన ముళ్ళు ఒక్కొక్కటీ విప్పుకుని, తెరచాప మడిచి, నావలో పెట్టుకున్నాడు. ఏరు దాటి తెప్ప తగలెయ్యడమంటారే, మేము ఆ మాత్రం శ్రమకూడా పడలేదు. తెప్పే తనంతట తాను వెళ్ళిపోయింది.

నీళ్ళు తీసి, వీధిలో బురద ఎండి, అరుగు కడిగి, మళ్ళీ బడి మొదలుపెట్టారు. మొదలైన కొన్నాళ్ళకు ఒక పొద్దున, కొత్తగా కట్టిన దడి అవతల ఆ పిల్ల వచ్చి నిలబడింది. నూనె రాసి దువ్వుకున్న తల, ఉతికిన పరికిణీ, చేతిలో పలక. మావయ్య పాఠం ఆపి అరుగు దిగి, దడి తలుపు తీసి, లోపలికి రా అమ్మా అన్నాడు. తాతయ్య పడకకుర్చీలో దగ్గాడు. అది పెద్ద దగ్గు కాదు. ఆ పిల్ల ఆయన్ని చూసింది, మావయ్యను చూసింది, అరుగును కిందినుంచి పైదాకా చూసింది. పలక వీపు వెనక్కి పెట్టుకుంది.

"చదువుకి కాదండి," అంది. "చాప కోసం వచ్చానండి. గట్టుమీద మా చాప అమ్మాయిగారి చాపల్లో కలిసిపోయిందండి. ఇప్పించండి అమ్మాయిగారూ."

వాళ్ళ చాప మా ఇంట్లో లేదు. దిగే రోజున దాన్ని చుట్టి చంకన పెట్టుకుని నావ ఎక్కడం నేను చూశాను. నేను చూసినట్టు ఆ పిల్లకూ తెలుసు. నేను లేచి, నేను కూర్చున్న చాపనే చుట్టి, దడి దగ్గరకు తీసుకువెళ్ళి ఇచ్చాను. ఇదేనా అంటే, ఇదేనండి అంది. అంతే. ఆ పూట పాఠమంతా నేను గచ్చుమీద కూర్చున్నాను. ఎవరూ ఎందుకని అడగలేదు, తాతయ్యతో సహా.

మావయ్య ఇచ్చిన మాటకు కట్టుబడి మళ్ళీ ఆ ఊసెత్తలేదు గాని, మరుసటి ఏడు ఇన్‌స్పెక్టరుగారు రాకముందే మా ఊరు విడిచి వెళ్ళిపోయాడు. పైకి చెప్పిన కారణం ఒంట్లో బాగోలేదని. తరువాత ఎక్కడెక్కడో బళ్ళు పెట్టాడు. ఎక్కడ పెట్టినా నిలకడగా ఉండలేదంటారు. నాకు పెళ్ళైంది, ఎనిమిదో ఎక్కం దగ్గర నా చదువు ఆగింది, అది కూడా వెనకనుంచి చెప్పమంటే రాదు.

కొన్నేళ్ళ కిందట, రైలు దారి పడ్డాక, మా అబ్బాయి నన్ను తిరుపతి తీసుకువెళ్ళాడు. దిగి బండి కట్టించుకున్నాం. కొంతదూరం పోయాక బండివాడు ములుగర్రతో ఎదురుగా ఆకాశంలోకి చూపించి, "అదో చూడమ్మా, గట్టు" అన్నాడు. ఎక్కడా నాకు గట్టు కనపడలేదు. కాలవా లేదు, ఏరూ లేదు, కొండ మాత్రం ఉంది. ఏది నాయనా అంటే, "అంత పెద్ద గట్టు కనపడలేదా పెద్దమ్మా, దేవుడుండేది దాని మీదనే కదా" అన్నాడు. నేను బండి ఆపించాను. కిందికి దిగి దారిమధ్యన నిలబడి, నడుము పట్టుకుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే అది నవ్వు కాకుండా పోయింది. మా అబ్బాయి ఎండదెబ్బ తగిలిందని కంగారుపడి తలమీద నీళ్ళు చల్లాడు. ఆ వైపువాళ్ళకు గట్టంటే కొండ. ఆ ఇన్‌స్పెక్టరుగారు ఆనాడు పర్వతం అని పుస్తకంలో మాట అడిగి ఉంటే ఆ పిల్ల కళ్ళు మూసుకుని అప్పగించేది. పసిపిల్ల బెదురుతుందని, చిన్నప్పుడు తన తల్లి తనకు నేర్పిన తేలిక మాట వెతికి అడిగారు. ఆయన దయే మమ్మల్ని ముంచింది. చెప్పుకుందామంటే మావయ్య అప్పటికి పోయి రెండేళ్ళు. తాతయ్య ఎప్పుడో పోయాడు. ఆ పిల్ల ఎక్కడుందో, అసలు ఉందో లేదో కూడా నాకు తెలియదు. పాలకొల్లు సంతలో చేపలమ్మే ఆడవాళ్ళను చూసినప్పుడల్లా వయసు లెక్కకట్టడం నాకు అలవాటు. నా లెక్కల సంగతి ముందే చెప్పాను.

ఇదంతా మా వాళ్ళకి చెప్పలేదు. పంపించండర్రా, పుస్తకంలో లేని చదువు నాలుగు రోజులుంటే వంట పట్టడానికేం అన్నాను. మనవడు ఎగిరి గంతేసి, నాయనమ్మా నీకు గుడారాల సంగతి ఏం తెలుసు అన్నాడు. ఏమీ తెలియదురా అని, లోపలికి పోయి మంచి తుంగచాప ఒకటి తీసి దులిపి, ఇద్దరు కూర్చోవడానికి వీలుగా ఉంది చూడు అని ఇచ్చాను. వాడు నవ్వాడు. ఎవరి చాపలు వాళ్ళవేనట. ఎవరి గుడారాలు ఎవరివో, ఎవరి వంటలు ఏ చెట్టు కిందో, పెద్దలకు ఏ చిక్కూ రాకుండా మేష్టారు ముందే అన్నీ విడివిడిగా ఏర్పాటు చేశారట. మీ తరగతిలో జాలరివాళ్ళ పిల్లలెవరైనా ఉన్నారా అని అడిగాను. వాడు చాప చుట్టుకుంటూ, మా తరగతిలో ఎందుకుంటారు నాయనమ్మా అన్నాడు. ఆ మాటలో పొగరేమీ లేదు. గట్టులో ఏరెందుకు పుడుతుందని ఆ పిల్ల ఆశ్చర్యపోయినట్టే వాడూ ఆశ్చర్యపోయాడు.

ఇప్పుడు ఏటిగట్లు చాలా గట్టివి. ఇంజనీర్లు ఎత్తు పెంచారు, రాళ్ళు పరిచారు, గండ్లు పడడం తగ్గింది. మనుషులూ పశువులూ పోవడంలేదు, అంతకంటె కావలసిందేముంది. నేను వరద రావాలని కోరుకునేదాన్ని కాను, మా కపిల ఆవు వెనక్కి తిరిగిన తీరు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. కానీ ఆ ఒక్క ఏడు గట్టు తెగినచోట నీళ్ళతోపాటు మనుషులు కూడా ఇవతలికి వచ్చారు. నీళ్ళు వచ్చిన గండిని పూడ్చడానికి మా ఊరికి రెండు ఎండాకాలాలు పట్టింది. రెండో గండిని మాత్రం మావాళ్ళు తట్టెడు మట్టైనా మొయ్యకుండా, ఒక్క దగ్గుతో పూడ్చేశారు. అది ఇప్పటిదాకా తెగలేదు.